కత్తి తగిలే చోట ప్లాస్టిక్ వద్దు

మాది తెనాలిలో స్టీలు సామాన్ల కొట్టు. మా మామగారు పెట్టారు, ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర నేను కూర్చుంటున్నాను. గిన్నెలు, గరిటెలు, కుక్కర్లతో పాటు కూరలు తరుక్కునే చాపింగ్ బోర్డులూ అమ్ముతాం. ఇదివరకు వాటిని కొనేవాళ్ళు అడిగేది ఒక్కటే: ‘ఎంతకిస్తారు?’ ఈమధ్య బోర్డును అటూ ఇటూ తిప్పి చూసి, ‘అక్కా, ఇందులో ప్లాస్టిక్ లేదు కదా?’ అంటున్నారు. ఆ భయం ఉత్తదేమీ కాదు. కానీ ఆ భయంతో చాలామంది ఇంటికి పట్టుకెళ్తున్నది మరో రకం ప్లాస్టిక్కే. అమ్మేదాన్ని కనుక సరుకు లోగుట్టు నాకు తెలుసు. అది చెబుతాను.

ముందు నా అభిప్రాయం తేల్చి చెప్పేస్తాను. వంటింట్లో ఉన్న ప్లాస్టిక్ అంతా ఒక్క లెక్కలోకి రాదు. కందిపప్పు పోసుకున్న డబ్బా అలమరలో కదలకుండా కూర్చుంటుంది. దాని మీద కత్తి పడదు, దానికి సెగ తగలదు. దాన్ని పారేసి అంత స్టీలు డబ్బా కొనమంటే నా వ్యాపారానికి మంచిదే గానీ, మీకు అంత అవసరం లేదు. కత్తి పడే చోట, వేడి తగిలే చోట మాత్రం ప్లాస్టిక్ ఉండకూడదు. ఈ రెండు చోట్లా అది ముక్కలై, నలుసులై తిండిలోకి దిగుతుంది. రెండింట్లోనూ తక్కువ ఖర్చుతో, ఒక్క పూటలో తేలిపోయే పని తరిగే బోర్డు మార్చడం.

మీ ఇంట్లో పాత ప్లాస్టిక్ బోర్డు ఉంటే కిటికీ దగ్గర వెలుగుకు ఏటవాలుగా పట్టి చూడండి. అంచులు కొన్నప్పటిలా నున్నగానే ఉంటాయి. నడిమధ్య మాత్రం పాలిపోయి, గీతల మీద గీతలు పడి ఉంటుంది. ప్రతి గీతకూ ఇటూ అటూ సన్నటి నూగు లేచి ఉంటుంది. కడిగినా పోని పసుపు, క్యారెట్ రంగు అందులో ఇంకిపోయి కనిపిస్తుంది. ఇప్పుడు పిల్లల స్కేలు ఒకటి తెచ్చి బోర్డు మీద అడ్డంగా నిలబెట్టండి. బాగా వాడిన బోర్డయితే మధ్యలో స్కేలు కింద సందు కనిపిస్తుంది. ఆ సందు నిండా ఒకప్పుడు ప్లాస్టిక్ ఉండేది. కొంత సింకులోకి పోయింది, కొంత పీచుకు అంటుకుని పోయింది, మిగతాది ఉల్లిపాయ ముక్కలతో పాటు మూకుట్లోకి పోయింది.

అమెరికాలోని నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2023లో ఈ సంగతినే లెక్క కట్టారు. బోర్డుల మీద క్యారెట్లు తరిగి, రాలిన నలుసులను పోగు చేసి చూశారు. పాలిథీన్ బోర్డు నుంచి ఒక మనిషికి ఏడాదికి 7.4 నుంచి 50.7 గ్రాముల దాకా, పాలీప్రొపిలీన్ బోర్డు నుంచి 49.5 గ్రాముల దాకా రాలవచ్చని అంచనా వేశారు. ఇది ప్రయోగశాల లెక్క. కత్తి పదును, తరిగే తీరు, చేతి బలాన్ని బట్టి మారిపోతుంది. రాలినదంతా కడుపులోకే పోతుందనీ కాదు. ఆ నలుసులను ఎలుక కణాల మీద 72 గంటలు ఉంచి చూస్తే కణాలు చచ్చిపోయిన దాఖలా కనిపించలేదని కూడా వాళ్ళే రాశారు. సగం మాట పట్టుకుని ఊరంతా బెదరగొట్టేవాళ్ళు ఈ రెండో సగం చెప్పరు.

మరోవైపు, ‘ఏమీ కాలేదుగా’ అని చేతులు దులుపుకోవడానికీ లేదు. 2024లో ఇటలీ వైద్యులు మెడ రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వును శస్త్రచికిత్సతో తీసి పరీక్షిస్తే, 257 మందిలో 150 మంది కొవ్వులో పాలిథీన్ నలుసులు దొరికాయి. నలుసులు ఉన్నవాళ్ళలో ఆ తర్వాతి దాదాపు మూడేళ్ళలో గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు నాలుగున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. ప్లాస్టిక్కే కారణమని ఇది రుజువు చేయదని ఆ వైద్యులే జాగ్రత్తగా చెప్పారు. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా తిండిలో ఈ నలుసులను కొలిచే పద్ధతులు ఖాయం చేయడానికి 2024లో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది. రుజువులు తేలడానికి ఏళ్ళు పట్టవచ్చు. కొన్ని వందల రూపాయలతో తీరిపోయే పనికి అందాకా ఆగడం దేనికి?

అసలు చిక్కు కొట్లోకి వచ్చాకే మొదలవుతుంది. ‘బీపీఏ ఫ్రీ’ అని పచ్చటి ఆకు బొమ్మతో స్టిక్కరు కనిపించగానే చాలామంది నమ్మేస్తారు. బీపీఏ వాడేది పాలీకార్బొనేట్, ఎపాక్సీ తయారీలో. తరిగే బోర్డులు ఎక్కువగా పాలిథీన్‌తోనో పాలీప్రొపిలీన్‌తోనో చేస్తారు. వాటిలో బీపీఏ మొదటి నుంచీ లేదు. లేనిదాన్ని లేదని చెప్పి డబ్బులు తీసుకుంటున్నారన్నమాట. ‘ఫుడ్ గ్రేడ్’ అన్న మాట కూడా కత్తి గాట్ల నుంచి కాపాడదు. బోర్డు ఎంత మేలు రకం ప్లాస్టిక్‌ది అయినా, ముక్కగా ఊడితే ముక్కే. బోర్డు వెనక త్రికోణంలో 2 అని ఉంటే గట్టి రకం పాలిథీన్, 5 అని ఉంటే పాలీప్రొపిలీన్. స్టిక్కరు కన్నా ఆ అంకె నిజం చెబుతుంది.

ఇంకో రకం వస్తోంది, లేత గోధుమరంగులో, మీద చుక్కలు చుక్కలుగా. ‘గోధుమ గడ్డితో చేసింది, పర్యావరణానికి మంచిది’ అంటారు. గోధుమ గడ్డి పొడిని మామూలుగా పాలీప్రొపిలీన్‌లో కలిపి అచ్చు పోస్తారు. పట్టి ఉంచేది ప్లాస్టిక్కే. ప్లాస్టిక్ వద్దనుకుని వచ్చినవాళ్ళు ఎక్కువ ధర పెట్టి దీన్నే పట్టుకుపోతుంటే నాకు కడుపులో దేవినట్టుంటుంది. అందుకే మా కొట్లో అది అడిగినవాళ్ళకు ముందు ఈ సంగతి చెప్పి, ఆ తర్వాతే ధర చెబుతాను.

చెక్క బోర్డు అనగానే నిశ్చింత అనుకోకండి. అద్దంలా మెరుస్తూ, వేలు పెడితే జారిపోయే బోర్డు మీద చాలాసార్లు పాలీయురెథేన్ వార్నీషు పూత ఉంటుంది. అదీ ప్లాస్టిక్కే, సరిగ్గా కత్తి కింద పరిచిన ప్లాస్టిక్. ఇల్లు కట్టుకున్నవాళ్ళు ఇంకో పని చేస్తుంటారు. కప్‌బోర్డుల పని అయ్యాక మిగిలిన ప్లైవుడ్ ముక్కకు సన్‌మైకా అతికించి, ‘కూరలకు పనికొస్తుంది’ అని వంటింట్లో పెట్టేస్తారు. ప్లైవుడ్ పొరలను పట్టి ఉంచేది రెజిన్ జిగురు, సన్‌మైకా అంటే రెజిన్‌లో తడిపి నొక్కిన కాగితం పొరలు. తలుపు రెక్కకు అవి భేషుగ్గా పనికొస్తాయి, బెండకాయలు తరగడానికి కాదు. పాత గుమ్మం చెక్కను చిత్రిక పట్టించి వాడతామనేవాళ్ళకూ అదే మాట. పాత రంగుల్లో సీసం ఉండేది. దాన్ని తిండి దగ్గరికి తీసుకురావద్దు.

వెదురు బోర్డులు ఇప్పుడు బాగా పోతున్నాయి. వెదురు గడ్డిజాతి. సన్నటి బద్దలను జిగురుతో అతికించి పలకగా చేస్తారు. జిగురు తిండికి తగిలే వాటా చిన్నదే, కాబట్టి ప్లాస్టిక్ బోర్డు కన్నా ఇది నయం. అయితే గట్టిగా ఉంటుంది, కత్తి పదును తొందరగా పోతుంది. నీళ్ళలో నానితే అతుకుల దగ్గర విచ్చుకుంటుంది. అలా విచ్చుకున్నది ఇక పనికిరాదు. తీసుకుంటే అతుకులు తక్కువగా, మందంగా ఉన్నది చూసి తీసుకోండి.

గాజుకు, స్టీలుకు నలుసుల బెడద లేదు, కడగడం తేలిక. కానీ గాజు మీద నాలుగు రోజులు తరిగితే కత్తి మొండిబారుతుంది. మొద్దు కత్తితో గట్టిగా నొక్కితే అది జారి వేలి మీదికి వస్తుంది. స్టీలు బోర్డుదీ అదే కథ, పైగా చప్పుడు. పొద్దున్నే ఐదింటికి దాని మీద ఉల్లిపాయలు తరిగితే పక్క ఫ్లాటువాళ్ళకూ మెలకువ వస్తుంది. చౌక కత్తి పెట్టుకుని తరచూ సాన పట్టుకునే ఓపిక ఉన్నవాళ్ళకు స్టీలు మంచిదే. చపాతీలు వత్తడానికైతే ఇంకా మంచిది.

వీటన్నిటినీ పక్కన పెట్టి నేను సలహా ఇచ్చేది ఏ అతుకూ, ఏ పూతా లేని ఒంటి చెక్క. మా కొట్లో దొరికేవాటికన్నా మేలైనది మీ ఊరి వడ్రంగి దగ్గరే దొరుకుతుంది. టింబర్ డిపోకి పోయి అడుగు పొడవు, ముప్పాతిక అడుగు వెడల్పు, అంగుళమున్నర మందం ముక్క కోయించుకోండి. చింత చెక్క దొరికితే దాన్ని మించింది లేదు. మాంసం కొట్టే మొద్దు చింతది కావడం ఊరికే వచ్చిన అలవాటు కాదు. నార ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటుంది, దెబ్బకు తొందరగా చీలదు. వేప కూడా మంచిదే. మొదట్లో కాస్త చేదు వాసన వస్తుంది, వాడగా వాడగా పోతుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది కనుక నీళ్ళకు ఓర్చుకుంటుంది. దాని నారలో ఇసుక లాంటి సిలికా ఉండటంతో కత్తిని మాత్రం కాస్త అరగదీస్తుంది. మామిడి చెక్క చవకే గానీ మెత్తన, పుచ్చు తొందరగా పడుతుంది. ఏ చెట్టయినా చేవ ఉన్న భాగమే అడగండి. అంచున పాలిపోయిన తెల్ల చెక్క వద్దనండి. కణుపు, పగులు లేకుండా చూసుకోండి. వేలి కణుపుతో కొడితే గట్టిగా, నిండుగా పలకాలి. చిత్రిక పట్టించి గరుకు కాగితంతో రుద్దించండి, అంతే. వార్నీషు కొట్టబోతే చెయ్యి పట్టుకోండి.

‘చెక్కలో క్రిములు దాక్కోవూ?’ అని డిగ్రీ చదివిన పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్నే. 1990లలో అమెరికాలో డీన్ క్లైవర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు సరిగ్గా దీన్నే పరీక్షించారు. చెక్క మీద వేసిన బ్యాక్టీరియా లోపలికి ఇంకిపోయి, అక్కడ పెరగకుండా క్రమంగా చచ్చిపోవడం చూశారు. కొత్త ప్లాస్టిక్ బోర్డు శుభ్రం చేయడం తేలికే గానీ, గాట్లు పడ్డ ప్లాస్టిక్ బోర్డును చేత్తో తోమి క్రిములు వదిలించడం కష్టమని తేల్చారు. అమెరికా ఆహార నియమావళి కూడా తరిగే బోర్డులకు గట్టి మేపుల్ చెక్కనూ, అంత గట్టి చెక్కలనూ అనుమతిస్తుంది. హోటళ్ళలో పచ్చి మాంసానికి ఎర్ర బోర్డు, కూరలకు ఆకుపచ్చ బోర్డు పెట్టడం మంచి పద్ధతి. అందులో మంచి ఉన్నది విడివిడిగా ఉంచడంలో, ప్లాస్టిక్‌లో కాదు. ఇంట్లోనూ కోడికీ చేపకీ ఒక చెక్క, కూరలకు మరొకటి పెట్టుకుంటే సరిపోతుంది.

చెక్కకు కావలసిన సేవ కొంచెమే. నీళ్ళలో నానబెట్టకూడదు, డిష్‌వాషర్లో వేయకూడదు. వాడిన వెంటనే కడిగి, తుడిచి, గోడకు నిలబెట్టి రెండు పక్కలా గాలి తగలనివ్వాలి. పడుకోబెట్టి ఆరనిస్తే ఒక పక్కే తడి నిలిచి వంకర తిరుగుతుంది. చేపల వాసన వస్తే కల్లుప్పు చల్లి నిమ్మచెక్కతో రుద్ది కడగండి. అప్పుడప్పుడూ గోరువెచ్చని కొబ్బరినూనె పలచగా రాసి, రాత్రంతా ఉంచి తుడిచేయండి. సన్‌ఫ్లవర్ నూనె రాయకండి, బంక కట్టి ముక్కిన వాసన వేస్తుంది. గాట్లు లోతుగా పడ్డాక వడ్రంగి దగ్గరికి పంపిస్తే మళ్ళీ చిత్రిక పడతాడు, కొత్తదై వస్తుంది.

ఇంతకీ బోర్డు అక్కర్లేని పద్ధతి మనకు ఎప్పటి నుంచో ఉంది. కత్తిపీట మీద తరిగేటప్పుడు వంకాయకు తగిలేది రెండు చేతులూ, ఇనుప అలుగూ మాత్రమే. ముక్క గాల్లోంచే కింద ఉప్పునీళ్ళ గిన్నెలో పడుతుంది. అందుకే కొత్తరకం కత్తిపీటల్లో కింది పీట ప్లాస్టిక్‌ది వచ్చినా నేను వద్దనను. దాని మీద అలుగు పడదు, కూర దానికి ఆనదు. ఇనుప అలుగుకు వంకాయ, అరటికాయ నల్లబడతాయి, నిజమే. అది ఇనుముకూ కాయలోని వగరుకూ జరిగే చర్య, నీళ్ళలో వేస్తే చాలావరకు ఆగుతుంది. నేల మీద కూర్చోలేని మోకాళ్ళవాళ్ళకు స్లాబు మీద పెట్టుకునే మడత కత్తిపీటలు వచ్చాయి. డాలస్‌లో ఉన్న కోడలి కోసం సూట్‌కేసులో పెట్టడానికి మడత కత్తిపీట తీసుకెళ్ళే అత్తగార్లు మా కొట్టుకు వస్తూనే ఉంటారు. ‘అలుగుకి అట్టముక్క చుట్టి, లగేజీలో వేయండి పిన్నిగారూ, చేతి సంచిలో పెట్టుకున్నారో ఎయిర్‌పోర్టులో లాక్కుంటారు’ అని చెప్పి పంపిస్తాను. ఉల్లిపాయలు సన్నగా తరగడానికి కత్తిపీట అందరికీ వాటం కాదు. దానికి చెక్క ఉంది. ఎండాకాలం ఆవకాయకు కాయలు కొట్టేవాళ్ళ దగ్గర చూడండి, టెంకతో సహా కాయ నరికే ఆ పెద్ద కత్తి కింద ఇప్పటికీ ఉన్నది కొయ్యే.

మాంసం కొట్ల సంగతి వేరే చెప్పాలి. అక్కడ కత్తి బరువుగా పడుతుంది. యూఏఈలో ప్లాస్టిక్ బోర్డుల మీద కొట్టిన చేపలు, కోడిమాంసాన్ని 2022లో పరీక్షిస్తే ప్లాస్టిక్ నలుసులు కనిపించాయి. ఒక నిమిషం కడిగితే తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. గల్ఫులో ఉన్న మన పిల్లలు తినేది ఆ కొట్లలోదే. ఇక్కడ మన పట్టణాల్లోనూ చింత మొద్దు తీసేసి తెల్ల ప్లాస్టిక్ మొద్దు పెట్టడం శుభ్రతకు గుర్తుగా చెలామణి అవుతోంది. రోజూ సాయంత్రం మొద్దు గీకి, కడిగి, ఉప్పు రాసి ఆరబెట్టే కొట్టును వెతుక్కోండి. తెల్లగా మెరవడం ఒక్కటే శుభ్రత కాదు.

ఇక సెగ. చెక్క బోర్డు కొనుక్కుని, రాత్రి కర్రీ పాయింటు నుంచి పొగలు కక్కే సాంబారు పాలిథీన్ కవరులో కట్టించుకొస్తే మనం చేసిన పని సగమే. 2023లో నెబ్రాస్కా పరిశోధకులు ప్లాస్టిక్ డబ్బాలను మూడు నిమిషాలు మైక్రోవేవ్‌లో పెడితే, కొన్నింట్లో ఒక్క చదరపు సెంటీమీటరు నుంచే 42 లక్షల మైక్రోప్లాస్టిక్ నలుసులు, 200 కోట్లకు పైగా అంతకన్నా సూక్ష్మమైన నలుసులు వెలువడ్డాయి. కర్రీ పాయింటుకు స్టీలు క్యారేజీ పట్టుకెళ్ళండి. మొదటిరోజు కుర్రాడు వింతగా చూస్తాడు, రెండోరోజు తనే చెయ్యి చాస్తాడు.

ఇదంతా కొనేవాళ్ళ నెత్తిన వేసి ప్రభుత్వం తప్పుకుంటే కుదరదు. మా కొట్టుకు వచ్చే అట్టపెట్టెల మీద ధర, తయారీదారు పేరు, తయారైన నెల ఉంటాయి. బోర్డు దేనితో చేశారో, ఏ జిగురు వాడారో, పైన ఏ పూత ఉందో చాలావాటి మీద ఉండదు. నాకే తెలియకపోతే మీకు నేనేం చెప్పను? తిండికి తగిలే ప్రతి పలక మీద దాని మూలపదార్థం, కలిపినది, జిగురు, పూత తెలుగులో రాసి ఉండాలన్న నిబంధన కావాలి. ‘గోధుమ గడ్డి’ అని ముందువైపు పెద్దక్షరాల్లో వేసుకుంటే, పాలీప్రొపిలీన్ ఎంత శాతమో కూడా అంతే పెద్దక్షరాల్లో వేయాలి. టోకు వ్యాపారులకు ఇది నచ్చదు. చిల్లర వ్యాపారినైన నాకు మాత్రం ఇదే కావాలి. ఏం అమ్ముతున్నానో తెలిసి అమ్ముకోవచ్చు.

‘చెక్క అంటే చెట్లు నరకమనేగా?’ అని ఒక మాస్టారు నిలదీశారు. అడుగు ముక్క చెక్కను ఏళ్ళ తరబడి చిత్రిక పట్టించుకుంటూ వాడుకోవచ్చు, చివరికి పొయ్యిలోకో మట్టిలోకో పోతుంది. గాట్లు పడిన ప్రతిసారీ ఒక ప్లాస్టిక్ బోర్డు మారిస్తే అవి చేరేది ఊరవతల చెత్తగుట్ట మీదికే. ఇంట్లో ఉన్న పాత బోర్డును కూడా అప్పుడే అక్కడికి పంపకండి. మొక్కల కుండీ కిందో, సబ్బు డబ్బా కిందో పెట్టండి. కత్తి మాత్రం దాని మీద పెట్టకండి.

కొత్తది కొనబోతే కొట్టువాడిని మూడు ప్రశ్నలు అడగండి: ఇది ఒంటి చెక్కా, అతుకులా? అతుకులైతే జిగురేమిటి? పైన పూత ఉందా? వీటికి తడబడకుండా జవాబు రాకపోతే కొనకండి. అది మా కొట్టయినా సరే.